హిప్ హాప్‌కి తెలుగు మాట ఉందా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మా కాలేజీ పత్రిక కోసం హిప్ హాప్ మీద ఒక వ్యాసం రాస్తున్నాను. హిప్ అంటే తుంటి, హాప్ అంటే గెంతడం కదా అని 'తుంటిగెంతు' అని పెట్టాను. మా చెల్లి చదివి పడీపడీ నవ్వింది. ఇంతకంటే మంచి మాట ఉందా? ఇంకోటి, హిప్ హాప్ గ్రూపుని బృందం అనాలా, ముఠా అనాలా?

జవాబు: నవ్వదూ మరి! నాకైతే తొక్కుడుబిళ్ళ ఆట గుర్తొచ్చింది.

ఆ మాటకి అర్థం వెతికి లాభం లేదండీ, అది పుట్టిందే చప్పుడుగా. ఎక్కువమంది చెప్పే కథ ఇది. 1970ల చివర్లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ అనే జట్టు ఉండేది. ఫ్లాష్ రికార్డులు తిప్పేవాడు, మిగతా ఐదుగురూ మైకు పట్టి ర్యాప్ చేసేవాళ్ళు, అంటే తాళానికి తగ్గట్టు ప్రాసలతో మాటలు చెప్పేవాళ్ళు. ఆ ఐదుగురిలో కీత్ విగిన్స్ ఒకడు. అందరూ కౌబాయ్ అనేవాళ్ళు. స్నేహితుడొకడు సైన్యంలో చేరితే, వాణ్ణి ఆటపట్టించడానికి కౌబాయ్ మైకులో కవాతు అందుకున్నాడట: 'హిప్, హాప్, హిప్, హాప్'. మన డ్రిల్లు మాస్టారి 'లెఫ్ట్, రైట్' లాంటిదే. అది జనానికి నచ్చి తాళంలో కలిసిపోయింది. కాదు, ముందు అన్నది లవ్‌బగ్ స్టార్‌స్కీ అనే డీజే అనేవాళ్ళూ ఉన్నారు. ఆ తగువు తేలేది కాదు. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ వాళ్ళ 'రాపర్స్ డిలైట్' ఈ చప్పుళ్ళతోనే మొదలవడంతో మాట ఊళ్ళు దాటింది. తర్వాత బ్రాంక్స్ డీజే ఆఫ్రికా బంబాటా లాంటివాళ్ళు పాటకీ, డీజే పనికీ, డాన్సుకీ, గోడల మీద బొమ్మలకీ అన్నిటికీ కలిపి అదే పేరు వాడారు.

ఇలా పేరు పెట్టడం మనకేం కొత్త కాదు. మా అమ్మమ్మ వాళ్ళు పసుపు దంచుతుంటే చూసేవాణ్ణి. రోటికి ఇటొకరు, అటొకరు. ఒకరి రోకలి లేస్తుంటే రెండోవాళ్ళది పడుతుంది. పడేటప్పుడు ఛాతీలోంచి గాలి దానంతటదే బయటికొస్తుంది. ఆ ఊపిరి మీదే 'సువ్వి, సువ్వి' అని పాట నడిచేది. సువ్వి అంటే ఏంటని అడిగితే "దంచేటప్పుడు అనేదిరా" అంది. అంతకుమించి అర్థం చెప్పలేదు. అయినా వాటి పేరు సువ్వి పాటలే. జో జో అంటే జోల పాట. వంతలు 'తందాన తాన' అంటారు కాబట్టి బుర్రకథకి తందాన కథ అని ఇంకో పేరు. సువ్విని ఎవరైనా ముక్కలు చేసి ఇంగ్లీషులోకి మారిస్తే మనకెలా ఉంటుంది? హిప్ హాప్‌ని హిప్ హాప్ గానే వదిలేయండి.

మీరు అడగలేదు గానీ, మనం నిజంగా పొరబడిన మాట బ్రేక్ డాన్స్. 1980ల్లో చిరంజీవి స్టెప్పులు చూసి మా వీధి పిల్లలం మోచేతులు విరిగినట్టు ఊపేవాళ్ళం. కీళ్ళు విరిగేలా వేస్తారు కాబట్టి బ్రేక్ అనుకున్నాం. అది కాదు. రికార్డులో పాడే గొంతు ఆగి, డ్రమ్స్ మాత్రమే మోగే ఆ కాస్త ముక్కని బ్రేక్ అంటారు, దానికి వేసేదే బ్రేక్ డాన్స్. అది రాగానే జనం ఊగిపోతున్నారని డీజే కూల్ హెర్క్ ముందే కనిపెట్టాడు. 1973లో బ్రాంక్స్‌లో పార్టీలు మొదలెట్టింది ఆయనే. చిక్కేంటంటే ఆ ముక్క కొన్ని సెకన్లలోనే అయిపోతుంది. ఫ్లాష్ దాన్ని అతుకు తెలియకుండా సాగదీశాడు. ఒకే రికార్డు రెండు కాపీలు, రికార్డుల్ని తిప్పే టర్న్‌టేబుళ్ళు రెండు. బ్రేక్ మొదలయ్యే చోటు గుర్తుకి రికార్డు మీద క్రేయాన్ గీత. ఇటుది మోగుతుండగా, హెడ్‌ఫోన్‌లో వింటూ అటుదాన్ని చేత్తో వెనక్కి తిప్పి గీతని సరైన చోటికి తెస్తాడు. ఇది ఆగే క్షణానికి అది అందుకుంటుంది. ఎలక్ట్రానిక్స్ చదివిన కుర్రాడు కదా, హెడ్‌ఫోన్‌లో ముందుగా వినడానికి స్విచ్చి కూడా తనే అమర్చుకున్నాడు. రికార్డుకి వేలిముద్ర పడితేనే ఇంట్లో తిట్లు తినే కాలం అది! ఇవాళ మన సంగీత్ ఫంక్షన్‌లో డీజే ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారుతున్నాడంటే, దాని వెనక ఆ క్రేయాన్ గీత ఉంది.

మరొకరు: అంతా చప్పుళ్ళేనా, సరుకేమైనా ఉందా? చివర ప్రాస కుదిరితే చాలనుకునే పాటలు నాకు పడవు.

జవాబు: ప్రాస మనకి రెండో అక్షరంలో, వాళ్ళకి చివర. అంతవరకే తేడా. సరుక్కైతే 1982లో ఫ్లాష్ జట్టు పేరుతో వచ్చిన 'ద మెసేజ్' వినండి. అప్పటిదాకా ర్యాప్ అంటే ఎక్కువగా పార్టీ పాటే. ఇందులో గాజుపెంకులు, ఎలుకలు, బొద్దింకలు, అప్పులవాళ్ళు. పల్లవి సారం: నన్ను నెట్టొద్దు, అంచు మీదున్నాను. ఆ 'అంచు' తెలుగులో చక్కగా కుదురుతుంది, కొండకీ ఓపికకీ కూడా. తర్వాత పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ జట్టు లాంటివాళ్ళు నడిచింది ఈ దారినే. తమాషా ఏమిటంటే, రికార్డు మీద పేరు జట్టుదే అయినా ర్యాప్ చేసింది వాళ్ళలో మెలీ మెల్ ఒక్కడే. ఇంకో గొంతు డ్యూక్ బూటీది. అతను జట్టు మనిషే కాదు. 2007లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కిన మొదటి హిప్ హాప్ జట్టు ఇదే. అప్పటికి కౌబాయ్ లేడు. 1989లో, 28 ఏళ్ళకే పోయాడు.

ముఠా సంగతి మర్చిపోయాను. 'ద మెసేజ్' చివర్లో చిన్న నాటకం ఉంటుంది. కుర్రాళ్ళు వీధిలో కబుర్లాడుకుంటుంటారు, కౌబాయ్ పేరూ వినిపిస్తుంది. ఇంతలో పోలీసులొస్తారు. మేం ఫ్లాష్, ఫ్యూరియస్ ఫైవ్ వాళ్ళం అంటే, ఏంటది, గ్యాంగా అంటాడు పోలీసు. కాదన్నా వినరు, కారెక్కిస్తారు. మన ముఠాకీ ఇదే గతి. బస్తాలు మోసే కూలీలదీ ముఠాయే, దొంగలదీ ముఠాయే. పేపర్లో 'ముఠా అరెస్టు' చదివీ చదివీ మనకి రెండోదే మిగిలింది. కాబట్టి 'జట్టు' అని రాయండి. షుగర్‌హిల్ గ్యాంగ్‌ని మాత్రం ముఠా అన్నా నాకు అభ్యంతరం లేదు, వాళ్ళు కోరి పెట్టుకున్న పేరది.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, మార్చేశాను. మా చెల్లి మాత్రం వ్యాసం ఎంతవరకొచ్చిందని అడగడం మానేసి, తుంటిగెంతు ఎంతవరకొచ్చింది అంటోంది.