పాత ర్యామ్‌ను ఉంచుకుని ప్రాసెసర్ మాత్రమే మార్చడం సాధ్యమేనా?

మద్దిలపాలెం వాసి:
మా ఇంటి కంప్యూటర్‌లో హెచ్61 మదర్‌బోర్డు, ఐ3-2120 ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్3 (మూడో తరం రకం) ర్యామ్‌లు రెండు ఉన్నాయి. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుకు దీని వేగం చాలడం లేదు. డాబాగార్డెన్స్‌లో ఒక దుకాణదారుడు ప్రాసెసర్‌తో పాటు ర్యామ్ కూడా మార్చక తప్పదన్నారు. అది నిజమేనా?

గాజువాక సభ్యుడు:
బోర్డు మార్చితేనే నిజం. మీ బోర్డు సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే చోటు, ఎల్‌జీఏ 1155 రకం కనుక, మూడో తరం ఐ7-3770 సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే ఇప్పుడున్న ర్యామ్‌లు అలాగే పనిచేస్తాయి. అయితే ఆ ప్రాసెసర్ పేరు మీ బోర్డు తయారీదారుల జాబితాలో ఉందో లేదో ముందుగా చూసుకుని, పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ (బోర్డును ప్రారంభించే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయించండి. లేకపోతే తెర మీద ఏమీ రాకపోవచ్చు. 3770 పెడితే ప్రాసెసర్ వాట్ల రేటింగ్ 65 నుంచి 77కు పెరుగుతుంది కాబట్టి కూలర్‌ను (ప్రాసెసర్‌ను చల్లబరిచే ఫ్యాన్‌ను) కూడా ఒకసారి పరిశీలించండి.

సీతమ్మధార సభ్యురాలు:
ర్యామ్‌ను నడిపించే కంట్రోలర్‌ను ప్రాసెసర్ తయారీ సంస్థలైన ఏఎండీ 2003లోనూ, ఇంటెల్ 2008లోనూ ప్రాసెసర్ లోపలికే తెచ్చాయి. అందువల్ల ఏ రకం ర్యామ్ పనిచేస్తుందన్నది ప్రాసెసర్, బోర్డు రెండూ కలిసి నిర్ణయిస్తాయి. డీడీఆర్3కి 240 పిన్‌లు, 1.5 వోల్టులు, డీడీఆర్4కి 288 పిన్‌లు, 1.2 వోల్టులు, గాడి చోటు కూడా వేరు కావడంతో ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. ఆరో తరం ప్రాసెసర్లకు డీడీఆర్3 స్లాట్లున్న బోర్డులు కొన్ని వచ్చిన మాట వాస్తవమే కానీ, వాటికి కావలసింది 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్. పాత 1.5 వోల్టుల ర్యామ్‌ను అందులో పెట్టి నడిపించేవారు ఉన్నారు; ఆ పొదుపు కోసం ప్రాసెసర్‌ను పణంగా పెట్టడం నాకు సమ్మతం కాదు.

భీమిలి సభ్యుడు:
ఏఎండీ వారి ఏఎం4 సాకెట్ బోర్డు మీద నేను రైజెన్ 2600 ప్రాసెసర్ తీసి 5600 పెట్టాను. 2400 వేగం గల పాత డీడీఆర్4 ర్యామ్‌లే కొనసాగాయి. అయితే రైజెన్‌లో ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే అనుసంధాన వేగం ర్యామ్ వేగంతో ముడిపడి ఉంటుంది కనుక, ఆ తరువాత 3200 ర్యామ్ వేసినప్పుడే ఆటలలో తేడా కనిపించింది.

పెదవాల్తేరు వాసి:
మన విశాఖ సముద్రపు గాలికి ర్యామ్ పిన్‌ల మీద మురికి పేరుకుంటుంది. బయటకు తీసినప్పుడు పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రాలిన రబ్బరు పొడిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తొలగించి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడపండి. చవకగా దొరికే రిజిస్టర్డ్ సర్వర్ ర్యామ్ మాత్రం కొనకండి. ఇలాంటి బోర్డులో అది పనిచేయదు.

మద్దిలపాలెం వాసి:
అందరికీ కృతజ్ఞతలు. మా ర్యామ్ మీద పీసీ3-10600 అని ఉంది.

గాజువాక సభ్యుడు:
అంటే 1333 వేగం. 3770 అధికారికంగా 1600 వరకు నడిపినా, మీ ర్యామ్ 1333 వద్దే నడుస్తుంది. చదువు పనులకు ఆ తేడా పెద్దది కాదు. 8 జీబీ చాలకపోతే రెండింటినీ తీసి 8 జీబీవి రెండు వేయండి, హెచ్61 గరిష్ఠ పరిమితి 16 జీబీ.