నవలలు చదివితే మనల్ని మనం తెలుసుకుంటామా, మన నుంచి తప్పించుకుంటామా?

వేకువ:
పెన్సిల్ పట్టుకుని చదవడం నాకు కాలేజీ నాటి అలవాటు. అప్పట్లో చదివిన ఒక నవల మొన్న మళ్ళీ తీశాను. కూతురు తల్లిమీద తిరగబడే మాటలన్నిటి కిందా గీతలున్నాయి. ఈసారి వాటిని దాటి వెళ్ళిపోయాను. తల్లి జవాబు చెప్పలేక కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చునే చోట పెన్సిల్ ఆగింది. నేనెంత మారానో ఇంత స్పష్టంగా ఇంకెవరూ చెప్పలేదు. మనల్ని మనం తెలుసుకోడానికి చదవడాన్ని మించిన దారి లేదని నా నమ్మకం. మీరేమంటారు?

సూటిమాట:
నేనొప్పుకోను. గీత మారిందంటే మీ వయసు మారింది, అంతే. అందులో మీ గురించి మీకు తెలిసిందేమిటి?

1977లో నిస్బెట్, విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వ్యాసం రాశారు. అందులో ఒక ప్రయోగం ఉంది. అచ్చం ఒకేలా ఉన్న నాలుగు జతల మేజోళ్ళు వరసగా పెట్టి, ఏది బాగుందో చెప్పమన్నారు. ఎడమ చివరి జతకంటే కుడి చివరి జతను ఎంచుకున్నవాళ్ళు దాదాపు నాలుగు రెట్లు. ఎందుకు నచ్చిందంటే తలో కారణం చెప్పారు గానీ, అది ఉన్న చోటు వల్ల అని ఒక్కరూ అనలేదు. మన మనసు గురించి మనం చెప్పుకునే కారణాలు చాలావరకు ఇలాంటివే.

కొత్తగీత:
మేజోళ్ళకీ నవలకీ ఏం సంబంధమండీ?

వేకువ:
నేనూ అదే అడుగుతున్నాను. మేజోళ్ళు ఎంచుకోవడం క్షణంలో పని. నవలతో రోజుల తరబడి ఉంటాం, ఏళ్ళ తర్వాత మళ్ళీ దాని దగ్గరికి వెళతాం. ఫ్రెంచి రచయిత మోంటేన్ 1580లో తన వ్యాసాలు మొదటిసారి అచ్చు వేయించాడు. 1592లో చనిపోయేదాకా ఆ పుస్తకం అంచుల్లో కొత్త మాటలు చేరుస్తూనే ఉన్నాడు. పాతవి చాలావరకు కొట్టేయలేదు. ఒకే పేజీలో ముప్పైల్లో, నలభైల్లో, యాభైల్లో ఉన్న మనిషి పక్కపక్కనే కనిపిస్తాడు. నా పెన్సిల్ గీతలూ అలాంటి ఆధారమే.

సూటిమాట:
మోంటేన్‌కి ఎస్టేటు ఉంది, గది నిండా పుస్తకాలున్నాయి, పని చేసిపెట్టేవాళ్ళున్నారు. ఆయన సంగతి వదిలేయండి. పెన్సిల్ గీత ఆధారం ఎలా అవుతుందో చెప్పండి.

నిదానం:
2013లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. సాహిత్య కథలు కాసేపు చదివినవాళ్ళు ఎదుటివాళ్ళ కళ్ళు చూసి భావం పట్టడంలో మెరుగ్గా ఉన్నారని తేల్చారు. 2016లో వేరేవాళ్ళు మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. సైన్స్ ఎవరి పక్షానా గట్టిగా లేదు.

వేకువ:
నాకు ప్రయోగాలు అక్కర్లేదు, నా పుస్తకం నా చేతిలో ఉంది. సూటిమాట గారూ, మీకు కూర్చుని చదివే ఓపిక లేదని ఒప్పుకుంటే సరిపోతుంది కదా!

సూటిమాట:
ఓపిక గురించి నాకు చెప్పకండి. మా నాన్న రోజూ తలుపేసుకుని చదివేవారు. అమ్మ జ్వరంతో మూలుగుతున్నా "ఈ అధ్యాయం అయిపోనీ" అనేవారు. ఆయన పుస్తకాలు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. ఒకదాంట్లో, భార్య ఒంటరితనం గురించిన పేరా కింద రెండు గీతలు. పక్కన ఆయన చేతిరాత: "ఎంత నిజం!" ఆ గీతలు గీస్తున్నప్పుడు అమ్మ పక్క గదిలోనే ఉంది. ఇప్పుడు చెప్పండి, ఆ గీత దేనికి ఆధారం?

కొత్తగీత:
ఇది చదివాక ఏం రాయాలో తోచట్లేదు.

వేకువ:
మీ అమ్మగారి బాధ అర్థమైంది. కానీ ఆ కోపం నామీద చూపిస్తే ఎలా? మంచంలో ఉన్న మా అత్తగారిని పగలంతా నేనే చూసుకుంటాను. అందరూ పడుకున్నాక దొరికే ఆ కాసేపే నాది. మీ నాన్నగారు చదివింది ఇంటి నుంచి లాక్కున్న టైమ్‌లో. నేను చదివేది నాకు మిగిలిన టైమ్‌లో. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

సూటిమాట:
ఆ తేడా ఒప్పుకుంటాను. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. తల్లి జవాబు చెప్పలేని చోట ఆగానన్నారు కదా, ఆ తర్వాత మీ అమ్మగారికి ఫోన్ చేశారా?

వేకువ:
చేశాను. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ చెప్పను. చెయ్యకపోయినా నాకు తెలిసింది అబద్ధమైపోదు. మీకూ నాకూ కుదరనిది ఇక్కడే.

సూటిమాట:
అవును, ఇక్కడే. ఇంట్లోవాళ్ళకి కనబడనిది తెలుసుకున్నట్టు లెక్క కాదంటాను నేను. మా నాన్నకి అన్నీ తెలుసు.

కొత్తగీత:
వేకువ గారూ, ఒక్క మాట. అత్తగారిని పగలంతా మీరొక్కరే ఎందుకు చూసుకుంటున్నారు? ఇంట్లో ఇంకెవరూ పంచుకోరా?