‘ఆలూ లేదు చూలూ లేదు’ ఇక్కడ అతుకుతుందా?

ప్రశ్న: అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ఆటలు నవంబరులో మొదలవుతాయి. కానీ అక్టోబరులోనే, ఎవరూ బంతి ముట్టకముందే, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తొలి పాతిక జట్ల ర్యాంకులు ఇచ్చేస్తుంది. దాదాపు అరవై మంది క్రీడా విలేకరులు ఓటేస్తారు. ఒక్కో ఓటరు జాబితాలో మొదటి జట్టుకు 25 పాయింట్లు, చివరి జట్టుకు 1. దీనికి ‘ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం’ అని శీర్షిక పెట్టొచ్చా?

జవాబు: నవ్వొస్తుంది గానీ అతకదండీ. పెళ్ళే కానివాడు కొడుక్కి పేరు వెతుక్కుంటే అనే మాట అది. 2022 అక్టోబరులో నార్త్ కరోలినాకి ఒకటో ర్యాంకు ఊరికే ఇచ్చారా? ఆ ఏప్రిల్‌లోనే జాతీయ టోర్నమెంటు ఫైనల్లో కేన్సస్ చేతిలో 72-69తో ఓడిన జట్టు. ఆట మొదలుపెట్టే ఐదుగురిలో నలుగురు తిరిగొచ్చారు. ఇక్కడ ఆలూ ఉంది, చూలూ ఉంది. పేరు పెట్టడంలోనే కాస్త తొందరపడ్డారు.

మరో జవాబు: అసలు తిరకాసు అక్టోబరులో లేదు, నవంబరులో ఉంది. గార్డ్‌నర్-వెబ్ లాంటి చిన్న జట్టు మీద ఆరు పాయింట్లతో గట్టెక్కినా నార్త్ కరోలినా ఒకటో స్థానం చెక్కుచెదరలేదు. గెలిచినవాళ్ళని ఎలా దింపుతాం అనుకుంటూ ఓటర్లు పోయిన వారం జాబితానే ముందేసుకుని దిద్దుతారు. అయోవా స్టేట్ ఓడించి, అలబామా నాలుగు ఓవర్‌టైమ్‌ల దాకా లాగి మరీ ఓడించాక గానీ కదల్లేదు. డిసెంబరు మొదట్లో జట్టు పాతికలోంచే పోయింది, మార్చి టోర్నమెంటుకి పిలుపే రాలేదు. 1985లో టోర్నమెంటు 64 జట్లకు పెరిగాక, ఒకటో ర్యాంకుతో మొదలుపెట్టి ఇలా మిగిలిపోయిన మొదటి జట్టు ఇదే. ‘తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు’ అని పెట్టండి.

అడిగినవారు: కుందేలు బాగుంది. కానీ 2019లో ఒకటో ర్యాంకు కెంటకీ సొంత గడ్డ మీద ఎవాన్స్‌విల్ చేతిలో 67-64తో ఓడితే వెంటనే తొమ్మిదికి దించారుగా? మొండివాడు అంత తేలిగ్గా దిగొస్తాడా?

జవాబు: ఓడితే నాలుగో కాలు కనిపిస్తుందండీ, గెలిచినంతకాలం కనిపించదు. (ఆ ఎవాన్స్‌విల్ తర్వాత తన కాన్ఫరెన్స్‌లో, అంటే సొంత లీగులో ఆడిన 18 ఆటలూ ఓడింది. పాపం కెంటకీ!)

ఇంకొకరు: ‘ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి’ ఎందుకు వద్దు? అదే 2022 అక్టోబరు పాతికలో కనెక్టికట్ లేదు. డిసెంబరుకి రెండో ర్యాంకు, ఏప్రిల్‌కి ఛాంపియన్.

జవాబు: పర్‌డ్యూ కూడా ఆ పాతికలో లేదు మరి. డిసెంబరులో ఒకటో ర్యాంకుకి ఎక్కి, మార్చిలో తన మొదటి ఆటలోనే 16వ సీడ్, అంటే అట్టడుగు వరస జట్టు ఫేర్లీ డికిన్సన్ చేతిలో ఓడి ఇంటికెళ్ళింది. కుందేలే నయం. అన్నట్టు, టోర్నమెంటు ఎంపిక కమిటీ ఈ ఓట్లని బట్టి నడవదని కూడా రాయండి. వాళ్ళు 2018 నుంచి ‘నెట్’ అనే వేరే లెక్క వాడుతున్నారు. దాన్ని కొన్ని వారాల ఆటలు అయ్యాకే బయటపెడతారు.