చెట్టులా అన్నీ ఓర్చుకోవాలంటారు, నిజంగా చెట్లు అన్నీ ఓర్చుకుంటాయా?

తెల్లకాగితం:

కొన్ని నెలలుగా ఆఫీసులో ఒత్తిడి బాగా పెరిగింది. ఎవరితో చెప్పుకున్నా ఒకటే మాట, ఎండకీ వానకీ చెట్టు ఎలా నిలబడుతుందో చూడు, నువ్వూ అలా ఉండు అని. వాళ్లు మంచి మనసుతోనే అంటున్నారు, కానీ అది విన్న ప్రతిసారీ నేను ఇంకో పని నెత్తిన వేసుకుంటున్నాను, కుదరదు అని చెప్పాల్సిన చోట నోరు రావడం లేదు. చెట్ల గురించి తెలిసినవాళ్లు చెప్పండి. వాటికి హద్దు అంటూ ఉండదా? ఉంటే అది దాటకుండా ఏం చేస్తాయి? కష్టం పడితేనే గట్టిపడతాం అంటారే, అది చెట్లకైనా నిజమేనా? సూక్తులు వద్దండి, అసలు లోపల ఏం జరుగుతుందో కావాలి.

పత్రహరితం:

నేను బాటనీ పాఠాలు చెబుతాను, తెలిసినంత రాస్తాను. చెట్టులో నీళ్లు కింది నుంచి పైకి నెట్టుకుంటూ వెళ్లడం కన్నా పైనుంచి లాగబడటమే ఎక్కువ. ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే ఆ లాగుడు వేర్ల దాకా పోతుంది, స్ట్రాతో పైకి పీల్చినట్టు. అంటే మామూలు రోజున కూడా మానులోని నీటి ధార బిగువు మీదే ఉంటుంది. నేల ఎండేకొద్దీ బిగువు పెరుగుతుంది, ఒక హద్దు దాటితే ఆ సన్నటి గొట్టాల్లోకి గాలి చొరబడి ధార తెగిపోతుంది. అలా తెగిన గొట్టాలు ఎక్కువైతే ముందు కొమ్మ, తర్వాత చెట్టు పోతాయి.

అందుకే చెట్టు అంతదాకా రానివ్వదు. నేల ఎండుతోందంటే ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరుగుతుంది, ఆకుల మీది పత్రరంధ్రాలు మూసుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ లోపలికి వచ్చేదీ ఆ రంధ్రాల్లోంచే కాబట్టి, అవి మూసుకుంటే ఆహారం తయారీ పడిపోతుంది, దాచుకున్న పిండిపదార్థం మీద బతకాలి. నష్టం ఉంది, అయినా మూసుకుంటుంది. మీకు చెప్పేవాళ్లు ఈ సగం వదిలేస్తున్నారు.

హద్దుకీ మామూలు జీవితానికీ మధ్య దూరం కూడా మనం అనుకునేంత ఉండదు. 2012లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనలో 226 జాతులు చూస్తే, దాదాపు 70 శాతం ఆ హద్దుకి బాగా దగ్గరగానే బతుకుతున్నాయని తేలింది. ఎడారి పక్కన పెరిగేవే కాదు, వానలు దండిగా పడే అడవుల్లోవీ అంతే. చూడటానికి పచ్చగా, ఎత్తుగా ఉంటాయి కాబట్టి మనకి తెలియదు. అలాగే కొన్ని జాతులు రంధ్రాలు తొందరగా మూస్తాయి, కొన్ని చాలాసేపు తెరిచే ఉంచుతాయి. పక్క సీటులో ఒకరు ఇంకా మోస్తున్నారు కదా అని మిమ్మల్ని మీరు కొలుచుకోకండి.

గాలివాటం:

గట్టిపడటం గురించి నేను చెబుతాను. గాలికి అటూ ఇటూ ఊగే మొక్క పొట్టిగా, మాను లావుగా పెరుగుతుంది, వేర్లు కూడా బలపడతాయి. దీనికి 1973లో జాఫ్ అనే వృక్ష శాస్త్రవేత్త థిగ్మోమార్ఫోజెనెసిస్ అని పేరు పెట్టాడు. లేత మొక్కని కదలకుండా కర్రకి బిగించి కట్టేస్తే మాను సన్నగా మిగిలిపోతుంది, కట్టు విప్పితే వంగిపోవచ్చు. కాబట్టి ఆ మాట అబద్ధం కాదు. కానీ చూడండి, గాలి వీస్తుంది, ఆగుతుంది, ఆ మధ్యలో మొక్కకి వెలుతురు, నీళ్లు అందుతాయి కాబట్టే కొత్త కలప కట్టుకోగలుగుతుంది. వట్టిపోయిన నేలలో నెలల తరబడి నిలబెట్టి గట్టిపడమంటే దేనితో గట్టిపడుతుంది? మీరు రాసింది చదివితే మీది గాలి కాదు, కరువు అనిపిస్తోంది నాకు.

వలయం:

పై ఇద్దరి మాటకీ ఒకటి కలుపుతాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు. వాన పడగానే చెట్టు మామూలైపోదు. తీవ్రమైన కరువు తర్వాత చాలా చోట్ల ఒకటి నుంచి నాలుగేళ్ల పాటు పెరుగుదల తక్కువగానే ఉందని 2015లో సైన్స్ పత్రికలో వచ్చింది, ప్రపంచంలో వెయ్యికి పైగా చోట్ల వార్షిక వలయాలు కొలిచి చెప్పిన మాట అది. రెండు రోజులు సెలవు పెట్టి సోమవారానికల్లా తేరుకోలేదని బాధపడేవాళ్లని చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది. తేరుకోవడానికి పట్టే టైమ్ పట్టనివ్వండి.

ఒక్క జాగ్రత్త, మనం చెట్లం కాదు. నేల బాగా లేకపోయినా చెట్టు లేచి వెళ్లలేదు, మనం వెళ్లగలం, పని మార్చుకోగలం, సాయం అడగగలం. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా చెట్ల గురించి చదువుతూ కూర్చోకుండా డాక్టర్‌ని కలవండి.

తెల్లకాగితం:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. తెగక ముందే మూసుకుంటుంది, దానికి నష్టం కూడా భరిస్తుంది అన్నది నాకు బాగా తగిలింది, కుదరదంటే ఏదో పోతుందన్న భయమే నన్ను ఆపుతోంది. నిద్ర అయితే పడుతోంది, అలసటే ఎక్కువ. పత్రహరితం గారూ, ఇంకొక్కటి, వదలాల్సి వస్తే చెట్టు ముందు ఏది వదులుతుంది?

పత్రహరితం:

చాలావరకు ముదురాకులు, నీడలో పడి పెద్దగా ఆహారం తయారు చేయని ఆకులు ముందు పోతాయి. అదీ ఉన్నపళంగా కాదు. ముందు ఆకులోని నత్రజని, భాస్వరం చాలావరకు కొమ్మలోకి వెనక్కి తీసుకుంటుంది, తొడిమ దగ్గర ఒక పొర ఏర్పడుతుంది, తర్వాతే ఆకు రాలుతుంది, రాలిన చోట గాయం మూసుకునే ఉంటుంది. మీరు కూడా ఏదైనా పని వదిలేటప్పుడు అందులో తెలిసిన విషయాలు రాసిపెట్టి, ఎవరికి అప్పజెప్పాలో చూసుకుని వదలండి, అప్పుడు మీకూ బరువుండదు, అవతలివాళ్లూ ఇబ్బంది పడరు.

తెల్లకాగితం:

సరేనండి. వారం వారం పంపే ఒక రిపోర్టు ఉంది, దాన్ని ఎవరూ తెరిచి చూడటం లేదని నాకు ఎప్పటినుంచో తెలుసు. ముందు దాని గురించే మా మేనేజర్‌తో మాట్లాడతాను.