టేక్‌డౌన్ రికర్వా, హైబ్రిడ్ లాంగ్‌బోనా? వాడినవాళ్లు చెప్పండి

నమస్కారమండి. మేం డాలస్‌లో ఉంటాం. ఏడాదిగా క్లబ్బు వాళ్ల రికర్వ్‌తో (కొసలు ముందుకు వంగిన విల్లు) విలువిద్య నేర్చుకుంటున్నాను. దాని నారి లాగడానికి 25 పౌండ్ల బలం కావాలి. సైట్ (గురి చూసే పరికరం) పెట్టుకోకుండా 20 గజాల దూరం వరకు వేస్తాను. ఇప్పుడు సొంత విల్లు కొనాలి, ఒక్కటే కొనగలను.

టేక్‌డౌన్ రికర్వ్ అయితే మూడు ముక్కలుగా విడదీసి బ్యాగులో పెట్టుకోవచ్చు. ఇప్పుడు 30 పౌండ్ల లింబ్స్ (విల్లుకి పైనా కిందా ఉండే వంగే భాగాలు) తీసుకుని, బలం వచ్చాక అవి మాత్రమే మార్చి 40కి వెళ్లొచ్చు. పోయిన వేసవిలో తొందరపడి స్నేహితుడి 45 పౌండ్ల విల్లు లాగాను. కుడి భుజం నొప్పితో రెండు నెలలు బాణం ముట్టుకోలేదు. అందుకే ఈ సౌకర్యం నాకు చాలా ముఖ్యం.

కానీ మనసంతా హైబ్రిడ్ లాంగ్‌బో (కొద్దిపాటి వంపులున్న పొడవాటి విల్లు) మీదే ఉంది. క్లబ్బులో ఒకాయన ఇస్తే పది బాణాలు వేశాను. చేతిలో ఎంత తేలికగా ఉందో! నారి లింబ్స్‌కి తగలదు కాబట్టి చప్పుడు కూడా తక్కువ. చిక్కల్లా, నాకు నచ్చినది ఒకే ముక్క. లాగే బరువు మార్చాలంటే విల్లే మార్చాలి. పైగా నా డ్రా (నారిని వెనక్కి లాగే పొడవు) 29 అంగుళాలు. విల్లు మీద రాసేది 28 అంగుళాలు లాగినప్పుడు పడే బరువు కాబట్టి నాకు ఇంకో రెండు మూడు పౌండ్లు పడుతుంది.

రికర్వ్ నుంచి లాంగ్‌బోకి మారినవాళ్లున్నారా? తేలికైన విల్లు కదా, బాణం వదిలాక చేతికి అదురు ఎక్కువగా తెలుస్తుందా? 35 పౌండ్ల లాంగ్‌బోతో మొదలుపెడితే నా భుజం తట్టుకుంటుందా? ఈ నెలాఖరులోగా కొనాలి, దయచేసి చెప్పండి.