లెక్కల క్లాసులో పిల్లల ఇంటి భాష, ఇంటి పద్ధతి: రానివ్వాలా, గుమ్మం బయటే ఆపాలా?

నల్లబల్ల:
ప్రైమరీలో లెక్కలు చెబుతాను. మా క్లాసులో మూడు ఇంటి భాషలున్నాయి, బడి భాష నాలుగోది. ఈమధ్య తనిఖీకి వచ్చినాయన, పిల్లలు గుంపులుగా కూర్చుని ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకోవడం చూసి "లెక్కల పీరియడ్‌లో ఈ గోలేంటి?" అని రిజిస్టర్‌లో రాసి వెళ్లారు. ఆ గోల దేని గురించో చెబుతాను వినండి. బోర్డు మీద లెక్క ఇది: "రవి దగ్గర 12 పెన్సిళ్లున్నాయి. లత దగ్గర ఉన్నవాటికంటే ఇవి 5 ఎక్కువ. లత దగ్గర ఎన్ని?" సగం మంది 17 వేశారు. "ఎక్కువ" అని కనబడిందో లేదో, కూడేశారు. ఒకమ్మాయి మాత్రం పక్కవాడితో తన భాషలో తగువు పెట్టుకుంది. బెంచీ మీద పెన్సిళ్లు రెండు వరసల్లో పేర్చి, రవి వరస పొడుగ్గా ఉండాలి కదా అని చూపించింది. వాడు కాసేపు బుర్ర గోక్కుని 17 కొట్టేసి 7 రాశాడు. ఇదే తగువు బడి భాషలో పెట్టుకోమంటే ఇద్దరూ నోరు మూసుకుని కూర్చునేవాళ్లు. ఇంటి భాషనీ, ఇంట్లో బయటా నేర్చుకున్న లెక్క పద్ధతుల్నీ క్లాసులోకి రానివ్వాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

కూడికల_రావు:
రిటైరయ్యేదాకా హైస్కూల్లో లెక్కలే చెప్పాను కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నా. ప్రపంచంలో ఎక్కడికి వెళ్లినా లంబకోణ త్రిభుజం లంబకోణ త్రిభుజమే. దానికి కులం, భాష, సంస్కృతి అంటగట్టకండి. పిల్లవాడికి బడి భాష రాకపోతే ముందు బడి భాష నేర్పండి. అది కష్టమని లెక్కని వాడి దగ్గరికి దించుకుంటూ పోతే చివరికి లెక్క మిగలదు.

తోకపిట్ట:
రావు గారితో ఏకీభవిస్తున్నా. సంఖ్యలకి మతం లేదు.

చిన్నక్క:
ఇక్కడ మతం గురించి ఎవరన్నారండీ?

నల్లబల్ల:
రావు గారూ, దించమని నేనెక్కడన్నాను? బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద నూనెస్, ష్లీమన్, కరాహెర్ అనే పరిశోధకులు 1985లో ఒక వ్యాసం వేశారు. ముందు కొనేవాళ్లలా వెళ్లి బేరంలోనే లెక్కలడిగారు. పిల్లలు 98 శాతం దాకా సరిగ్గా చెప్పారు. తర్వాత అవే లెక్కల్ని కాగితం మీద ఇచ్చారు. కథలా రాసిన లెక్కల్లో 74 శాతం దగ్గర ఆగారు, ఉత్త అంకెలు వేసిన లెక్కల్లో 37 శాతానికి పడిపోయారు. పన్నెండేళ్ల కుర్రాడొకడు ఒక్కోటి 35 చొప్పున 4 కొబ్బరికాయలకి 140 అని టక్కున చెప్పాడు. మూడింటికి 105, దానికి ఇంకో 35 అని కలుపుకున్నాడు. అదే 35 × 4 కాగితం మీద ఇస్తే 200 రాశాడు. నాలుగైదులు ఇరవై, రెండు పైకి, ఆ రెండూ మూడూ ఐదు, నాలుగైదులు ఇరవై! పైకి వేసిన అంకెని హెచ్చవేశాక కలపాల్సింది ముందే కలిపేశాడు. వాడికి గుణకారం రాదందామా? లేక తెలిసినదానికీ బడి పద్ధతికీ మధ్య ఎవరూ వంతెన వేయలేదందామా?

కూడికల_రావు:
మీ ఉదాహరణే నా మాటని నిలబెడుతోంది. కాగితం మీద 200 రాశాడు. అది తప్పు. కాబట్టి వాడికి కాగితం మీద నేర్పాలి. 35 × 4 అయితే నోటితో లాగించొచ్చు. 3.75 × 0.48 వస్తే ఏ బేరంలో కలుపుకుంటాడు? సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పండి. 200 రాసినవాడికి మార్కు వేస్తారా, వేయరా?

నల్లబల్ల:
మార్కు గురించి ఎవరడిగారు సార్? బోధన గురించి కదా మాట.

కూడికల_రావు:
వేస్తారా, వేయరా?

గళ్లనోటు:
మార్కులన్నారు కాబట్టి నా బాధ కూడా వినండి. మావాడు కొన్నేళ్లు ఫ్రాన్స్‌లో చదివి వచ్చాడు. అక్కడ భాగాహారంలో భాజకాన్ని కుడిపక్కన రాసి, దాని కిందే భాగఫలం వేస్తారు. దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు. ఇక్కడ చేర్పించిన బడిలో 3,5 అని రాస్తే "మూడు వేలా, ముప్పై అయిదా?" అని క్లాసందరి ముందూ నవ్వారు. జవాబు సరిగ్గా ఉన్నా "పద్ధతి తప్పు" అని ఎర్ర గీత కొట్టారు. లెక్కలంటే ఎగిరి గంతేసేవాడు ఆ ఏడాదంతా పీరియడ్ వస్తుందంటే టెన్షన్ పడేవాడు. లెక్కలు ప్రపంచమంతా ఒకటేనంటున్నారు రావు గారు. రాత కూడా ఒకటేనా?

కూడికల_రావు:
రాత మారితే ఒక వారం సరిచేయించుకుంటే సరి. దానికి సంస్కృతి అని పెద్ద పేరెందుకు? మీవాడిని చూసి నవ్విన టీచరుది సంస్కారం లేకపోవడం, అంతే.

గళ్లనోటు:
వారమా! మీరొచ్చి సరిచేయించాల్సింది.

ఇరవైవేళ్లు:
రాత గురించే కాబట్టి చెబుతున్నా. అలాస్కాలో కాక్టోవిక్ అనే చిన్న ఊరి బడిలో 1994లో పిల్లలు సొంత అంకెలు తయారుచేసుకున్నారు. వాళ్ల ఇనూపియాక్ భాషలో లెక్కింపు ఇరవైల మీద, మధ్యలో అయిదుల మీద నడుస్తుంది. మనమందరం వాడే పది అంకెలు దానికి సరిపోవడం లేదని పిల్లలే గమనించారు. అంకె చూస్తేనే ఎన్ని అయిదులు, ఎన్ని ఒకట్లు ఉన్నాయో గీతల్లో కనబడేలా గీసుకున్నారు. కొన్ని కూడికల్లో ఒక అంకె గీతల్ని ఇంకో అంకె గీతల పక్కన చేర్చితే జవాబు అంకే తయారవుతుంది. 2022లో ఆ అంకెలకి యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల పట్టికలో కూడా చోటిచ్చారు. స్థానవిలువ అంటే ఏంటో ఆ పిల్లలకి ఇంకెవరూ విడిగా చెప్పనక్కర్లేదు. ఇదేమీ దిగజారడం కాదు, మామూలు సిలబస్ కంటే పైమెట్టు.

కూడికల_రావు:
ఒక మంచు దీవిలో గుప్పెడు మంది పిల్లలున్న బడి. అక్కడ అందరిదీ ఒకటే భాష. నల్లబల్ల గారి క్లాసులో మూడున్నాయి. మూడు రకాల అంకెలు కనిపెట్టిస్తారా?

వంద_గుంజీలు:
నేను చదువుకునే రోజుల్లో తప్పు చేస్తే గుంజీలు. భాష సమస్యే లేదు.

దారం:
ప్రభుత్వాలు కూడా ఇటూ అటూ ఊగిసలాడినవే. మలేషియా 2003లో లెక్కలు, సైన్సు ఇంగ్లీషులోకి మార్చింది. పల్లె పిల్లలు వెనకబడుతున్నారని 2009లో వెనక్కి తీసుకుంటామంది, 2012 నుంచి మార్చడం మొదలుపెట్టింది. అప్పుడు పట్నాల్లో తల్లిదండ్రులు ఇంగ్లీషే కావాలని గొడవ చేశారు. పాపువా న్యూగినీలో ఎనిమిది వందలకి పైగా భాషలు. చిన్న తరగతుల్ని నాలుగు వందలకి పైగా భాషల్లో నడిపారు, 2013లో మళ్లీ ఇంగ్లీషుకే వెళ్లారు. ఏది సరైనదో నేను తేల్చను. పుస్తకాలు, టీచర్లు లేకుండా భాష మార్చితే ఎటు మార్చినా నలిగేది పిల్లలే అని మాత్రం అనిపిస్తుంది.

కూడికల_రావు:
చూశారా! తల్లిదండ్రులే వద్దన్నారు. పైమెట్టు భాష ఎక్కడుందో వాళ్లకి తెలుసు. ఇక్కడ కబుర్లు చెప్పే టీచర్లు తమ పిల్లల్ని ఏ మీడియంలో చదివిస్తున్నారో ముందు చెప్పమనండి.

నల్లబల్ల:
ఇది వ్యక్తిగతం. అయినా అడిగారు కాబట్టి, నా కూతురు నేను చెప్పే బడిలోనే చదువుతోంది. మీలాంటి సార్ల దగ్గరే నేనూ చదివాను. అర్థం కాలేదని లేచి నిలబడితే "భాషే రాదు, నీకు లెక్కలెందుకే" అని కూర్చోబెట్టారు. లెక్క రాక కాదు, అడగడం రాక వెనకబడ్డాను. ఇప్పుడు నా క్లాసులో ఎవరినైనా అలా కూర్చోబెడితే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మీకు మార్కు తప్ప మనిషి కనబడడా?

తోకపిట్ట:
మేడమ్ హద్దు దాటుతున్నారు.

చిన్నక్క:
దాటించింది ఎవరు?

నిర్వాహకులు:
ఎవరి పిల్లలు ఎక్కడ చదువుతున్నారన్నది ఇక్కడ అనవసరం. రెండు వ్యాఖ్యలు తీసేశాం. మళ్లీ వ్యక్తిగతంగా వెళితే చర్చ మూసేస్తాం.

కూడికల_రావు:
మనిషి కనబడకపోవడమా? సరే, వినండి. మా ఇంట్లోనూ బడి భాష కాదు. మా బడిలో ఒక మంచాయన ఉండేవారు. ఏనాడూ గట్టిగా కసరలేదు. మా వాడ పిల్లలందర్నీ ఒక పక్కన కూర్చోబెట్టి, మీకు ఆల్జీబ్రా ఎందుకురా బాబూ, మీకు పనికొచ్చేవి నేర్పుతానని తూకాలు, కొలతలు, వడ్డీలు, కూలి లెక్కలు చెప్పేవారు. మా భాషలోనే, నవ్విస్తూ చెప్పేవారు. మాకెంతో హాయిగా ఉండేది. అవతలి వరసలో వాళ్లు సమీకరణాలు చేసేవారు. పెద్ద పరీక్షలో వచ్చినవన్నీ ఆ వరసవే. మా పక్కన కూర్చున్నవాళ్లలో గట్టెక్కింది నేనొక్కణ్నే. అదీ ఒక సీనియర్ దగ్గర పుస్తకం అడుక్కుని రాత్రిళ్లు చదివితే. "పిల్లవాడి జీవితంలోంచి లెక్కలు" అని ఎవరన్నా నాకు ఆ పక్క బెంచీలే కనబడతాయి. వాళ్ల జీవితంలో లేనిది కూడా వాళ్లకి హక్కే కదా.

గళ్లనోటు:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇన్ని మాటలు పడేవి కావు.

నల్లబల్ల:
సార్, ఆయన మిమ్మల్ని ముంచింది మీ భాషతో కాదు. క్లాసుని రెండుగా చీల్చి, మీకివ్వాల్సిన లెక్కని ఇవ్వకపోవడం వల్ల. మీ భాషలోనే సమీకరణాలు చెప్పి ఉంటే? నా క్లాసులో అందరికీ ఒకటే లెక్క, ఒకటే పుస్తకం. ఆలోచించేటప్పుడు మాట్లాడుకునే భాష మాత్రమే వాళ్ల ఇష్టం. ఇంకోటి కూడా ఆలోచించండి. బడి భాష ఒక్కటే అని కట్టడి చేసిన క్లాసులోనూ చీలిక ఉంటుంది. మాట్లాడేవాళ్లు ఒక పక్క, మాట్లాడనివాళ్లు ఒక పక్క. దానికి బెంచీలు మార్చక్కర్లేదు, అందుకే ఎవరికీ కనబడదు.

కూడికల_రావు:
మీరు మంచి టీచరని ఒప్పుకుంటా. పద్ధతి మంచి టీచర్ల కోసం కాదు, అందరి కోసం పెట్టాలి. ఈ వెసులుబాటుని బద్ధకస్తుడి చేతిలో పెడితే ఏం చేస్తాడు? "వాళ్ల భాష, వాళ్ల సంస్కృతి" అని చెప్పి అవే తూకాల లెక్కల దగ్గర ఏళ్లతరబడి కూర్చోబెడతాడు. బడి భాషలోకి ఎప్పుడు దాటిస్తారో చెప్పని ఏ పద్ధతినీ నేను నమ్మను.

దారం:
ఈ ఇరకాటం మీ ఇద్దరిదే కాదు. దక్షిణాఫ్రికాలో బహుభాషా లెక్కల క్లాసుల మీద పనిచేసిన జిల్ అడ్లర్ కూడా దీన్నే పట్టుకున్నారు. పిల్లల భాషలోకి వెళితే అర్థమవుతుంది, పరీక్ష భాష వెనకబడుతుంది. పరీక్ష భాషలోనే ఉంటే క్లాసు నోరు విప్పదు. ఒక పక్క ఎంచుకుంటే తేలిపోయే సమస్య కాదంటారావిడ. టీచరు రోజూ మోయాల్సిన బరువే.

చిన్నక్క:
నాదో ప్రశ్న. నా క్లాసులో అయిదు భాషలు, నాకు వాటిలో ఒక్కటీ రాదు. వాళ్లు లెక్కే మాట్లాడుకుంటున్నారో, సినిమా కబుర్లు చెప్పుకుంటున్నారో నాకెలా తెలుస్తుంది?

నల్లబల్ల:
నాకూ మూడింటిలో ఒకటే వచ్చు. జోడీలుగా కూర్చోబెడతాను, ఒకే భాషవాళ్లు కలిసేలా. ఆలోచన ఏ భాషలోనైనా సరే, చివర్లో బోర్డు దగ్గరికొచ్చి చెప్పేది మాత్రం బడి భాషలో. చెప్పడానికి కావాల్సిన వాక్యాలు గోడ మీద అంటించి ఉంటాయి: "దీనికంటే అది ఇంత తక్కువ", "నేను ముందు ఇది చేశాను, ఎందుకంటే..." అలాంటివి. సినిమా కబుర్లైతే బోర్డు దగ్గరే బయటపడతాయి.

కూడికల_రావు:
బోర్డు దగ్గరికి ప్రతిసారీ ఆ చురుకైన పిల్లే వస్తుంది. మిగతావాళ్లు దాక్కుంటారు. నా అనుభవం.

నల్లబల్ల:
చీటీ తీస్తాను.

చిన్నక్క:
చీటీలో పేరొచ్చిన పిల్ల నోరు విప్పకపోతే?

నల్లబల్ల:
జోడీని పక్కన నిలబెట్టుకోవచ్చు. బొమ్మ గీయొచ్చు, గోడ మీద చూసి చదవొచ్చు. మొదట్లో అలాగే జరుగుతుంది. ఏడాది చివరికి మాత్రం ఒక్కరే నిలబడి, గోడ చూడకుండా చెప్పాలి.

కూడికల_రావు:
ఏడాది చివరికి అన్నారు. రాసిపెట్టుకున్నా.