చేత్తో చేసే వెన్ను చికిత్స: నడుమునొప్పి తగ్గిందని దేనితో కొలవాలి?

టేపుమాస్టారు:
అందరూ ఆస్వెస్ట్రీ ప్రశ్నాపత్రమే గతి అంటున్నారు, అంటే నడుమునొప్పితో రోజువారీ పనులకు ఎంత ఇబ్బందో రోగినే అడిగేది. పది విభాగాలు, ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు, కూడి రెండింతలు చేస్తే శాతం. ఎంత లెక్కేసినా అది రోగి నోటిమాటే. నడుము వంగడం కళ్లెదుట కనబడుతుంది. నడుము కింది రెండు గుంటల్ని కలిపే గీతకు 10 సెం.మీ. పైన, 5 సెం.మీ. కింద గుర్తులు పెట్టి, మోకాళ్లు మడవకుండా వంగమనండి. గుర్తుల మధ్య ఆ 15 సెం.మీ. కాస్తా 20 దాటితే నడుము బాగా కదులుతున్నట్టే.

లెక్కలరావు:
మాస్టారూ, పొద్దున లేవగానే నడుము బిగుసుకుని ఉంటుంది. మొదట పొద్దున, తర్వాత సాయంత్రం కొలిస్తే చికిత్స లేకుండానే వంగడం పెరుగుతుంది. నాలుగుసార్లు వంగిలేచినా అంతే. గుర్తులు చెరిపి మళ్లీ పెడితే మరో తేడా. పైగా టేపు మారకుండానే నొప్పి తగ్గినవాళ్లు ఎందరో. 0–10 నొప్పి స్కేలుపై 2, ఆస్వెస్ట్రీలో 10 పాయింట్లు, లేదా మొదటి స్కోరులో 30 శాతం తగ్గితేనే రోగికి తెలిసే మార్పు అని లెక్క.

కొత్తసభ్యుడు:
వెన్ను నొక్కినప్పుడు ‘టక్’మని శబ్దం వస్తే చికిత్స సరిగ్గా పడినట్టు కాదా?

లెక్కలరావు:
కాదు. అది కీలులోని ద్రవంలో వాయువు ఖాళీ ఏర్పడే చప్పుడు. అది వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ ఫలితంలో తేడా తేలలేదు.

టేపుమాస్టారు:
టేపు వద్దు, శబ్దం వద్దు. ఏ పూస కదలట్లేదో వేళ్లతో పట్టుకునే చికిత్సకుడి నైపుణ్యం కూడా వద్దా? చేతిపనిని నమ్మనివాళ్లు దాన్ని కొలవడమేంటండీ!

లెక్కలరావు:
కోపం దేనికండీ? ఒకే నడుమును ఇద్దరు అనుభవజ్ఞులు విడివిడిగా తడిమితే, కదలని పూస ఏదన్న దానిపై మాట కలవడం అరుదు. ఎక్కడ నొక్కితే నొప్పెడుతోందన్న దానిపై కాస్త నయం. ఇంకోటి, నొప్పి ముదిరినప్పుడే జనం వస్తారు. ఏమీ చేయకపోయినా కొంత తగ్గుతుంది. పోల్చడానికి మరో గుంపు లేనిదే ఏ స్కోరూ పనికిరాదు.

మూడోపూస:
అసలు పేచీ ఇక్కడుంది. ఆ గుంపుకి ఏమివ్వాలి? ఉత్తుత్తి థ్రస్ట్ (వెన్నుపై చేత్తో ఒక్కసారిగా ఇచ్చే తోపు) ఇస్తే రోగికి తెలియకపోవచ్చు, చేసేవాడికి తెలిసిపోతుంది. మాట తీరూ, చేతి ఒత్తిడీ మారిపోతాయి. అందుకని వ్యాయామంతో పోల్చడమే న్యాయం. 2019లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష దీర్ఘకాలిక నడుమునొప్పిపై 47 ప్రయోగాలు చూసింది. సిఫారసులో ఉన్న ఇతర చికిత్సలతో పోలిస్తే ఈ చేతి చికిత్సతో నొప్పి తగ్గడం దాదాపు సమానమని తేల్చింది. వచ్చినవాడికి అది చాలు.

లెక్కలరావు:
మీకు చాలు, నాకు చాలదు. తగ్గించింది థ్రస్టా, తాకిన చెయ్యా, ధైర్యం చెప్పిన మాటా? అది తేలకుండా థ్రస్ట్ నేర్పడానికి ఏళ్ల శిక్షణ ఎందుకు?

మూడోపూస:
మూడూ కలిసిందే చికిత్స. విడదీసి కొలిస్తే మీరు కొలిచేది ఇంకేదో అవుతుంది.

లెక్కలరావు:
సరే, కలిపే కొలవండి. కానీ బల్ల దిగగానే స్కోరు రాసుకుని ఆపేస్తే ఒప్పుకోను. ఒక నెలకు, మూడు నెలలకు, ఏడాదికి అదే ప్రశ్నాపత్రం ఇవ్వాలి. ఇచ్చేది చికిత్సకుడు కాకూడదు, ఎదురుగా ఉంటే మొహమాటానికి తక్కువ రాస్తారు. మధ్యలో మానేసినవాళ్లనూ లెక్కలో ఉంచాలి.